లెక్క తెలిసినవాడి చేతికే మీట

లో-కోడ్, నో-కోడ్ ఆటోమేషన్‌తో చిన్న వ్యాపారానికి ఒరిగేదేమిటి? ఒక సమీక్ష

విజయవాడ వైపు నుంచి జగదల్‌పూర్ వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి మీద తిరువూరు దాటితే ఎంతోసేపు పట్టదు, తెలంగాణ వచ్చేస్తుంది. 2014 జూన్ 2కు ముందు అది రెండు జిల్లాల మధ్య పొలిమేర, ఇప్పుడు రెండు రాష్ట్రాల మధ్య. 2017 జులై 1న జీఎస్టీ అమల్లోకి వచ్చాక ఆ పొలిమేర తిరువూరు బజారులోని బిల్లు పుస్తకాల్లోకీ దిగింది. ఇక్కడి టోకు వ్యాపారి మైలవరం దుకాణానికి సరుకు పంపితే పన్ను సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అని రెండు భాగాలవుతుంది. అదే సరుకు పెనుబల్లి దుకాణానికి పంపితే ఐజీఎస్టీ అని ఒక్కటే పడుతుంది. మొత్తం సమానమే. కానీ పద్దు తారుమారైతే సరైన పద్దులో మళ్లీ కట్టాలి, ముందు కట్టినదాని వాపసు కోసం దరఖాస్తు పెట్టుకోవాలి.

ఈ తేడా పట్టడం గుమాస్తాకు కష్టమేమీ కాదు. కొనేవాడి జీఎస్టీ నంబరులో మొదటి రెండంకెలు 37 అయితే ఆంధ్రప్రదేశ్, 36 అయితే తెలంగాణ. కష్టమల్లా సీజన్ రద్దీలో కూడా ప్రతి బిల్లుకీ ఆ రెండంకెలు చూడటం మరిచిపోకుండా ఉండటమే. మరుపు లేని పని యంత్రానిది. ఆ యంత్రానికి నియమం చెప్పడానికి ప్రోగ్రామరే రావాలా, గుమాస్తా తనే చెప్పుకోగలడా? లో-కోడ్, నో-కోడ్ పనిముట్ల మీద పదేళ్లుగా సాగుతున్న చర్చంతా చివరికి ఈ ప్రశ్న దగ్గరికే వస్తుంది. వీటి వల్ల వ్యాపారానికి కలిగే అసలు మేలు, నియమం తెలిసినవాడే నియమం రాసుకోగలగడం. మిగతా లాభాలన్నీ దాని పిల్లలు. నష్టాలు కూడా అక్కడి నుంచే పుడతాయి.

పాత వాగ్దానం

కోడ్ రాసే అవసరం తప్పిస్తామన్న మాట కొత్తదేమీ కాదు. 1959లో రూపుదిద్దుకున్న కోబాల్ భాషను ఇంగ్లిష్ వాక్యాల్లా పెట్టడానికి ఒక కారణం, మేనేజర్లు కూడా చదివి అర్థం చేసుకోవాలని. మేనేజర్లు చదవలేదు. కోబాల్ ప్రోగ్రామర్ అనే కొత్త వృత్తి పుట్టింది, 2000 సంవత్సరం తేదీల చిక్కు (వైటుకె) రోజుల్లో ఎందరో తెలుగు కుర్రాళ్లకు అమెరికా దారి చూపించింది. 1980ల తొలినాళ్లలో జేమ్స్ మార్టిన్ అనే కంప్యూటర్ రచయిత ప్రోగ్రామర్లు లేకుండానే అప్లికేషన్లు తయారవుతాయంటూ పుస్తకమే రాశాడు. అదీ పూర్తిగా ఫలించలేదు.

ఫలించినది స్ప్రెడ్‌షీటు. 1979లో విసికాల్క్‌తో మొదలై, లోటస్ మీదుగా ఎక్సెల్ దాకా వచ్చిన ఆ గళ్ల కాగితం లెక్కలవాడి చేతిలోనే ఉండిపోయింది. సూత్రం తనే రాసుకుంటాడు, తప్పయితే తనే దిద్దుకుంటాడు. మన దేశంలో టాలీ కథ కూడా ఇలాంటిదే. 1986లో బెంగళూరులో శ్యామ్ సుందర్ గోయెంకా తన వ్యాపారానికి సరిపడే లెక్కల ప్యాకేజీ దొరక్క కొడుకు భరత్ గోయెంకాతో రాయించుకున్న ప్రోగ్రామే తర్వాత టాలీ అయింది. ఖాతాలకు సంకేత సంఖ్యలు బట్టీ పట్టే పని లేకుండా పేర్లతోనే పద్దు రాయనివ్వడం దాని ఆకర్షణ. ఆ రోజుల్లోనే ఫాక్స్‌ప్రో అనే డేటాబేస్ భాషలో రాయించుకున్న సొంత ప్రోగ్రాములకు మరో గతి పట్టింది. రాసినవాడు హైదరాబాదు వెళ్లిపోయాక వాటిలో చిన్న మార్పు చెయ్యడానికి కూడా ఊళ్లో మనిషి దొరికేవాడు కాదు.

ఇంటర్నెట్ వచ్చాక ఈ ఆలోచన బ్రౌజరులోకి చేరింది. చెన్నైకి చెందిన జోహో 2006లోనే 'క్రియేటర్' విడుదల చేసింది. తిరుపతి దగ్గరి రేణిగుంటలోనూ ఈ సంస్థకు కార్యాలయం ఉంది. 2014లో ఫారెస్టర్ అనే పరిశోధన సంస్థ తన నివేదికలో ఈ కోవ మొత్తానికి లో-కోడ్ అని పేరు పెట్టింది. 2016లో మైక్రోసాఫ్ట్ పవర్ యాప్స్ మార్కెట్లోకి వచ్చింది. 2020 జనవరిలో గూగుల్ యాప్‌షీట్‌ను కొనేసింది. హైదరాబాదులో క్విక్సీ అనే నో-కోడ్ వేదిక పుట్టింది. ఇంత చరిత్రలోనూ ఒక్క సూత్రం చెక్కు చెదరలేదు. వాడేవాడి చేతిలో మార్చుకునే అధికారం ఉన్న పనిముట్టు నిలిచింది, లేనిది పోయింది.

ఏ పనికి ఏది

దుకాణదారుడి కళ్లతో చూస్తే వీటిలో మూడు రకాలు. మొదటిది ఫారాలు, యాప్‌లు తయారుచేసుకునేవి: గూగుల్ ఫారం, యాప్‌షీట్, జోహో క్రియేటర్, పవర్ యాప్స్. కాగితం మీద రాసేదాన్ని ఫోన్లో నింపితే వివరం నేరుగా పట్టికలో పడుతుంది. రెండోది ఒక యాప్‌ను మరో యాప్‌తో కలిపేవి: జేపియర్, మేక్, ఎన్8ఎన్, జోహో ఫ్లో. 'ఇది జరిగితే అది చెయ్యి' అని ఒక్క వాక్యం చెబితే చాలు. మూడోది మనిషి తెర మీద చేసే క్లిక్కులను అనుకరించే మరబంట్లు, వాట్సాప్‌లో జవాబులిచ్చే బాట్లు.

నో-కోడ్ అంటే మౌసుతో లాగి పెట్టడమే. లో-కోడ్ అంటే అక్కడక్కడ నాలుగు సూత్రాలు రాయాల్సి రావడం. ఎక్సెల్‌లో వీలుకప్ (VLOOKUP) సూత్రం రాయగలిగిన గుమాస్తాకు రెండూ అందుబాటులోవే.

జమ వైపు

ఈ పనిముట్లు అమ్మేవాళ్లు మొదట చెప్పే లాభం వేగం, రెండోది ఖర్చు తగ్గడం. ప్రోగ్రామర్లను పెట్టి నెలల తరబడి చేయించే పని వారాల్లో అయిపోతుందంటారు. పెద్ద కంపెనీల విషయంలో ఇది చాలావరకు నిజమే. తిరువూరు లాంటి ఊళ్లో పోలిక వేరు. ఒక ఎరువుల దుకాణానికో, ప్రైవేటు బడికో, బోరు లారీల యజమానికో విడిగా సాఫ్ట్‌వేరు రాసిచ్చే కంపెనీ ఏదీ రాదు, వచ్చినా ఆ ధర వీళ్లు భరించలేరు. నో-కోడ్ ఇక్కడ పోటీపడేది ప్రోగ్రామరుతో కాదు, నోటు పుస్తకంతో. చిన్న ఊళ్లో దీని విలువ పట్నంలోకన్నా ఎక్కువ కావడానికి కారణం ఇదే.

మామిడి వ్యాపారం చూడండి. నూజివీడు, విస్సన్నపేట, తిరువూరు చుట్టూ తోటలు విస్తారం. వ్యాపారి పలు తోటలు గుత్తకు తీసుకుంటాడు. ఒక్కో తోటకు ఒక్కో ధర, విడతలుగా ఇచ్చిన అడ్వాన్సులు, కోత కూలీలు, ట్రేలు, కాటా బరువు, లారీ కిరాయి, విజయవాడ దగ్గరి నున్న మార్కెట్లో ఆ రోజు పలికిన ధర. ఇన్నీ జేబు పుస్తకాల్లో, ఫోను కాల్స్‌లో ఉంటాయి. ఏ తోట మీద లాభం వచ్చిందో, ఏది ముంచిందో సీజన్ అయ్యాక గానీ తేలదు. ఈ వ్యాపారానికి సరిగ్గా అతికే ప్యాకేజీ కొట్లో దొరకదు. మేస్త్రి తోట దగ్గర నిలబడి తోట నంబరు, ట్రేలు, బరువు, లారీ నంబరు ఫోన్లో నింపే ఫారం ఒకటి తయారుచేసుకుంటే రాత్రికి రాత్రే తోటవారీ లెక్క తేలుతుంది. తోటలో సిగ్నల్ లేకపోయినా యాప్‌షీట్ లాంటివి వివరాలు ఫోన్లోనే దాచి, సిగ్నల్ రాగానే పంపిస్తాయి. ఫలానా తోటలో పెట్టిన డబ్బు తిరిగి రావడం లేదని జూన్‌లో కాక మేలోనే తెలిస్తే వ్యాపారి నిర్ణయం మారుతుంది. ఆ మారిన నిర్ణయమే అసలు లాభం. గుమాస్తాకు మిగిలిన గంటలు దాని తర్వాతివి.

ఒకే వివరం పదిసార్లు రాసే బాధ తప్పడం మరో మేలు. రాయితీ ఎరువుల అమ్మకాన్ని 2018 నుంచి దేశమంతటా పీఓఎస్ మిషన్లో కొనేవాడి గుర్తింపుతో నమోదు చెయ్యాలి. ఎరువుల డీలరు ఆ మిషన్లో ఒకసారి, బిల్లు మీద మరోసారి, టాలీలో ఇంకోసారి, అరువు రైతుదైతే ఖాతా పుస్తకంలో నాలుగోసారి అదే అమ్మకాన్ని రాస్తున్నాడు. రోజుకు 40 బిల్లులు, ఒక్కోదాని తిరగరాతకు మూడు నిమిషాలు అనుకుంటే రోజుకు రెండు గంటలు, 26 పనిదినాలకు 52 గంటలు. ఈ నాలుగు రాతల్లో రెండు తగ్గినా గుమాస్తా మిగిలిన సమయాన్ని బాకీల వసూలు మీద పెట్టవచ్చు.

బాకీ అన్నాక, పంట చేతికొచ్చాక కడతానన్న మాట మీద నడిచే వ్యాపారాల్లో గుర్తుచెయ్యడం ఒక కళ. ఎప్పుడు, ఎవరికి, ఎంత మర్యాదగా అన్నది యజమానికే తెలుసు. పత్తి అమ్మే నెలలో పత్తి రైతులకు, మిర్చి అమ్మే నెలలో మిర్చి రైతులకు మాత్రమే సందేశం వెళ్లేలా పట్టికలో పంట అని ఒక గడి పెట్టుకోవడం ఏ బెంగళూరు కంపెనీకీ తట్టదు. తిరువూరు దుకాణదారుడికి ఆ ఆలోచన పుట్టుకతోనే వస్తుంది. కావలసినవాడికీ చేసేవాడికీ మధ్య మాట మారిపోయే ప్రమాదం ఇక్కడ లేదు, ఇద్దరూ ఒకరే కాబట్టి.

వినియోగదారుల వైపు నుంచి కూడా దారి సుగమమైంది. వాట్సాప్ బిజినెస్ యాప్ 2018లో వచ్చింది. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 161 సేవలతో మన మిత్ర పేరిట వాట్సాప్ పాలన మొదలుపెట్టింది. వాట్సాప్‌లో అంకె నొక్కి, మెనూ ఎంచుకుని పని జరిపించుకోవడం ప్రభుత్వమే అలవాటు చేస్తుంటే, విత్తనాల కొట్టు అదే పద్ధతిలో స్టాకు వివరం చెప్పడం ఎవరికీ వింతగా తోచదు.

అంచనాలు, ఆధారాలు

ఈ లాభాలకు రుజువులేవి? 2025కల్లా సంస్థలు తయారుచేసే కొత్త అప్లికేషన్లలో 70 శాతం లో-కోడ్, నో-కోడ్‌తోనే ఉంటాయని గార్ట్‌నర్ అనే పరిశోధన సంస్థ అంచనా వేసింది. అయిదేళ్లలో 50 కోట్ల యాప్‌లు పుడతాయని 2019లో మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల అన్నారు. ఇవి జోస్యాలు. 'పెట్టుబడికి ఇన్ని రెట్లు' అంటూ వచ్చే అధ్యయనాల్లో చాలావాటికి డబ్బిచ్చేది ఆ పనిముట్టు అమ్మే కంపెనీయే. లండన్ హీత్రో విమానాశ్రయంలో భద్రతా ఉద్యోగి ఒకరు ఇంగ్లిష్ రాని ప్రయాణికుల కోసం ఉన్న కాగితపు పుస్తకాన్ని తనే పవర్ యాప్‌గా మార్చిన కథ స్ఫూర్తినిచ్చేదే. దాన్ని ఎక్కువగా చెప్పేది మాత్రం మైక్రోసాఫ్టే. అందుకే చిన్న వ్యాపారి ఈ శాతాలను పక్కనపెట్టి తన గంటలు, తన తప్పులు, తన మొండి బాకీలు తానే లెక్కేసుకోవడం మేలు.

ఖర్చు వైపు

మొదటి ఖర్చు బిల్లు రూపంలోనే వస్తుంది. కలిపే పనిముట్లు నెలకు ఎన్ని పనులు చేశాయో లెక్కగట్టి వసూలు చేస్తాయి. పైన చెప్పిన ఎరువుల దుకాణంలో ఒక్కో బిల్లుకు నాలుగు పనులు జరిగితే నెలకు 4,160. ఉచిత పథకాల్లో దొరికేది వందల్లో, మహా అయితే వెయ్యి. వాట్సాప్ వ్యాపార వేదికలో 2025 జులై నుంచి టెంప్లేట్ సందేశానికి ఇంత అని లెక్క. మామూలు ఎస్ఎంఎస్ పంపాలన్నా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం పంపేవారి పేరు, సందేశం నమూనా ముందుగా నమోదు చేయించాలి. వ్యాపారం పెరిగేకొద్దీ ఈ ఖర్చూ పెరుగుతుంది. సొంత కంప్యూటర్లో నడుపుకోగల ఎన్8ఎన్ లాంటివి దీన్ని తగ్గిస్తాయి గానీ, వాటిని చూసుకునే మనిషి కావాలి.

రెండోది, దుకాణం పెట్టిన స్థలం మనది కాకపోవడం. గూగుల్ తన యాప్ మేకర్‌ను 2021 జనవరిలో మూసేసింది. అమెజాన్ 2020లో ఆరంభించిన హనీకోడ్‌ను 2024 ఫిబ్రవరి 29న ఆపేసింది. ఒక వేదికలో కట్టుకున్న యాప్‌ను మరో వేదికకు యథాతథంగా మోసుకెళ్లలేం. పట్టికలోని వివరాన్ని మాత్రం తెచ్చుకోవచ్చు, అదీ ముందే దింపి పెట్టుకుంటే.

మూడోది గోప్యత. 2021 ఆగస్టులో అప్‌గార్డ్ అనే భద్రతా సంస్థ, పవర్ యాప్స్ పోర్టల్స్‌లో ఒక అమరిక సరిగా పెట్టుకోనందువల్ల 3 కోట్ల 80 లక్షల రికార్డులు ఎవరైనా చూసేలా బయటపడ్డాయని వెల్లడించింది. అందులో పెద్ద కంపెనీలు, అమెరికా రాష్ట్రాల ప్రభుత్వ విభాగాలు ఉన్నాయి. నిపుణులున్న చోటే అలా అయితే, లింకు ఉన్న ఎవరైనా తెరవగల గూగుల్ షీటులో రైతుల ఆధార్ నంబర్లు పెట్టుకున్న దుకాణం సంగతేమిటి? 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసినది కంప్యూటరుకెక్కిన ఇలాంటి వ్యక్తిగత వివరాల రక్షణకే. అవసరం లేని వివరం అసలు తీసుకోకపోవడం అన్నిటికన్నా చౌకైన భద్రత.

నాలుగోది, మినహాయింపుల చిక్కు. మొదట చెప్పిన 36, 37 నియమమే తీసుకోండి. జీఎస్టీ నంబరున్న వ్యాపారికి అది సరిపోతుంది. తెలంగాణలోని కల్లూరు నుంచి వచ్చిన రైతుకు ఆ నంబరే ఉండదు. అక్కడ బిల్లు మీద రాసిన చిరునామాను బట్టి పన్ను పద్దు తేలుతుంది. యంత్రానికి ఈ సంగతి చెప్పకపోతే అది ఖాళీ గడిని చూసి తనకు తోచినట్టు చేస్తుంది, పైగా ప్రతిసారీ అదే తప్పు శ్రద్ధగా చేస్తుంది. ఇలాంటి తప్పు పెద్ద సంస్థల్లోనూ జరుగుతుంది: 2020 సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ పాత ఎక్సెల్ ఫైలు పద్ధతి వాడినందువల్ల వరుసల హద్దు దాటిపోయి 15,841 కోవిడ్ కేసులు లెక్కలోకి రాకుండా పోయాయి. పొరపాటు జరిగినట్టు యంత్రం ఎవరికీ చెప్పలేదు.

మన దగ్గర దీనికి తోడు పేర్ల చిక్కొకటి. ఒకే రైతు పేరు ఒక బిల్లు మీద 'వెంకటేశ్వరరావు', ఇంకో చోట 'వెంకటేశ్వర్లు', మరోచోట ఇంగ్లిష్ అక్షరాల్లో ఇంకో రకంగా ఉంటుంది. మనిషి చూడగానే ఒకరేనని పోల్చుకుంటాడు. యంత్రం ముగ్గురిని చేస్తుంది, బాకీ మూడు చోట్ల చీలుతుంది. పేరుకు బదులు ఫోన్ నంబరును గుర్తుగా పెట్టుకోవడం ఇలాంటి పట్టికల్లో పాటించాల్సిన మొదటి నియమం.

అయిదోది తలుపుల సమస్య. రెండు యాప్‌లు కలవాలంటే రెండింటికీ తలుపులు తెరిచి ఉండాలి. ఎరువుల పీఓఎస్ మిషన్ ప్రభుత్వ వ్యవస్థ. డీలరు సొంత షీటుతో దాన్ని కలుపుకునే వీలు అతని చేతిలో లేదు. కాబట్టి నాలుగు రాతల్లో ఒకటి ఎలాగూ మిగిలిపోతుంది. అమ్మేవాళ్లు చూపించే డెమోల్లో అన్ని తలుపులూ తెరిచే ఉంటాయి.

అమీర్‌పేట, ఆపై ఏఐ

కోడ్ అక్కర్లేదన్న పనిముట్లకు శిక్షణ కేంద్రాలెందుకని హైదరాబాదు అమీర్‌పేటలోని మైత్రీవనం చుట్టూ బోర్డులు చూసినవారికి అనిపించవచ్చు. సేల్స్‌ఫోర్స్, పెగా, సర్వీస్‌నౌ, పవర్ బీఐ: ఆ బోర్డుల మీది పేర్లలో చాలావరకు లో-కోడ్ కుటుంబానివే. పెగాకు, సర్వీస్‌నౌకు హైదరాబాదులో పెద్ద కార్యాలయాలున్నాయి. పెద్ద సంస్థల్లో పనిముట్టు తేలికే, దాన్ని వందల మంది వాడేలా క్రమంలో పెట్టడం తేలిక కాదు. ఎవరికి ఏ వివరం కనిపించాలి, మార్పు ఎవరు ఆమోదించాలి, పాతది ఎప్పుడు తీసెయ్యాలి అన్నవి వృత్తి నైపుణ్యం కోరే పనులు. కోబాల్ నాటి కథే మళ్లీ నడుస్తోంది. కోడ్ తగ్గినచోట నిర్వహణ పెరిగింది.

ఏఐ వచ్చాక మరో వాదన బయల్దేరింది. కావలసింది మామూలు మాటల్లో చెబితే కోడ్ దానంతటదే పుడుతుంటే, మౌసుతో లాగి పెట్టే పనిముట్లు ఇంకెందుకు? 2025 ఫిబ్రవరిలో ఏఐ పరిశోధకుడు ఆండ్రే కర్పతీ ఈ పద్ధతిని 'వైబ్ కోడింగ్' అన్నాడు. అదే ఏడాది జులైలో రెప్లిట్ అనే కోడింగ్ వేదికలోని ఏఐ ఏజెంట్ ఒక వ్యాపారి ప్రయోగంలో, మార్పులు చెయ్యొద్దని చెప్పినా అసలు డేటాబేసునే చెరిపేసింది. తర్వాత వివరాలు తిరిగొచ్చాయి గానీ పాఠం మిగిలింది. నో-కోడ్ పటంలో ఏ పని తర్వాత ఏ పని జరుగుతుందో గుమాస్తా గీత వెంట వేలు పెట్టి చూడగలడు. ఏఐ రాసిన వెయ్యి లైన్ల కోడ్‌లో అలా చూడలేడు. మున్ముందు ఈ రెండూ కలిసే నడుస్తాయి. ఏఐ గీస్తుంది, మనిషి చూసి ఒప్పుకుంటాడు. ఒప్పుకునేవాడికి లెక్క తెలిసి ఉండాలన్న షరతు మాత్రం ఎక్కడికీ పోదు.

తూకం

అన్నీ కలిపి చూస్తే, జమ ఖర్చుకన్నా ఎక్కువే, అయితే ఎంచుకున్న పని సరైనదైతేనే. అందరికీ ఒకే తీరున ఉండే పనికి తయారుగా దొరికే ప్యాకేజీయే మేలు. లెక్కలకు టాలీ, చిన్న కొట్టు అరువులకు ఖాతా యాప్ ఉండగా వాటిని మళ్లీ కట్టుకోవడం దండగ. మన వ్యాపారానికే ప్రత్యేకమైన చోటే, అంటే తోటల గుత్త లెక్కలో, పంటవారీ బాకీల్లో, రెండు రాష్ట్రాల బిల్లుల్లో సొంతంగా కట్టుకున్నది కలిసొస్తుంది. వారంలో కొన్నిసార్లే వచ్చే పనిని చేత్తో చేసుకోవచ్చు, రోజుకు పదులసార్లు వచ్చేదాన్నే యంత్రానికి అప్పగించాలి. యంత్రానికి అర్థం కాని బిల్లు ఏదైనా వస్తే సొంతంగా తేల్చకుండా ఒక మనిషికి చూపించేలా పెట్టాలి. వారానికోసారి పట్టిక మొత్తం దింపి దాచుకోవాలి. తయారుచేసిన మనిషి మానేసినా ఇంకొకరు నడపగలిగేలా ఎక్కడ ఏముందో ఒక పేజీలో రాసి పెట్టాలి. ఫాక్స్‌ప్రో ప్రోగ్రాములకు పట్టిన గతి వీటికి పట్టకూడదు.

ఇందులో ఊరికి కూడా ఒక అవకాశముంది. బీకాం చదివి, టాలీ వచ్చి, ఈ పనిముట్లు నేర్చినవారు విజయవాడో హైదరాబాదో వెళ్లకుండానే పదీ ఇరవై దుకాణాల పని చూసుకోవచ్చు. పెద్ద కంపెనీలు పట్టించుకోని గిరాకీ ఇది. ఆ మనిషికి కావలసిన ప్రావీణ్యంలో సగం కంప్యూటరుది, సగం తిరువూరు బజారుది. రెండో సగం ఏ శిక్షణ కేంద్రమూ అమ్మదు.

ఏ పనిముట్టు కొనాలని అడిగే వ్యాపారికి చెప్పాల్సిన జవాబు ఒక పరీక్ష. ఆటోమేషన్ చెయ్యాలనుకుంటున్న పనిని మినహాయింపులతో సహా కాగితం మీద పది వాక్యాల్లో రాసి, కొత్తగా చేరిన కుర్రాడికి ఇచ్చి చూడాలి. ఆ కాగితం చదివి అతను తప్పు లేకుండా పని చెయ్యగలిగితే ఏ పనిముట్టయినా పనికొస్తుంది. అతను ప్రతి రెండో బిల్లుకీ యజమాని దగ్గరికి పరుగెత్తుతుంటే, ఇంకా ఏమీ కొనే వేళ కాలేదు.